టూరిస్టు ఎంచుకునేది చోటు కాదు, పూట: వైజాగ్ వచ్చినవాళ్లు దేనికి దేన్ని, ఎందుకు జత చేస్తారు?

వైజాగ్‌లో టూరిస్టుల కోసం కొత్తగా ఏది మొదలుపెట్టినా ఒకటే వాదన నడుస్తుంది. 2025 ఆగస్టులో ఆర్కే బీచ్ నుంచి బౌద్ధ క్షేత్రమైన తొట్లకొండ దాకా ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులు వచ్చాయి, ఒకసారి టికెట్ కొంటే 24 గంటలపాటు దారిలో ఎక్కడైనా దిగి మళ్లీ ఎక్కొచ్చు. ఇక తొట్లకొండకి జనం పోటెత్తుతారని కొందరు, బీచ్‌కి వచ్చేవాళ్లు బీచ్‌కే వస్తారు, బస్సు ఉందని కొండెక్కుతారా అని ఇంకొందరు. రోప్‌వే అన్నా, మ్యూజియం అన్నా, ఇంకో పార్కు అన్నా ఇదే మాట. వీటివల్ల ఊరికి వచ్చేవాళ్లు పెరుగుతారా, లేక వచ్చినవాళ్లే ఒకచోట మానేసి ఇంకోచోటికి పోతారా?

ఈ వాదనలో రెండు పక్షాలూ ఒక విషయాన్ని తేలిగ్గా తీసుకుంటున్నాయి. టూరిస్టు ఒక్కో చోటునీ విడిగా చూసి, మార్కులు వేసి, ఎక్కువ మార్కులు వచ్చినవాటికి వెళ్తాడని మనం అనుకుంటాం. "తప్పక చూడాల్సిన 10 ప్రదేశాలు" లాంటి జాబితాలన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తాయి. కానీ ఊళ్లో దిగిన కుటుంబం మాట్లాడుకునేది వింటే తెలుస్తుంది, వాళ్లు తేల్చుకునేది "పొద్దున ఏం చేద్దాం, సాయంత్రం ఎక్కడ ఉందాం" అని. అంటే ఒక పూటలో పట్టే కట్టని ఎంచుకుంటున్నారు. ఆ కట్టలో ఒకటి చేరిందంటే ఇంకోటి జారిపోవచ్చు, లేదా దాని వెంట మరోటి ఉచితంగా వచ్చి చేరొచ్చు. ఇది ఎలా జరుగుతుందో మొదటి నుంచి చూద్దాం.

జోడీ, పోటీ, ఊరికే పక్కపక్కన ఉన్నవి

ముందుగా చోటు వేరు, అక్కడ చేసే పని వేరు. ఆర్కే బీచ్ ఒకటే చోటు, కానీ తెల్లవారుజామున నడకకి వచ్చినవాళ్లు, మధ్యాహ్నం తర్వాత కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లేవాళ్లు, సాయంత్రం మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని గోడ మీద కూర్చునేవాళ్లు చేసేవి మూడు వేర్వేరు పనులు. "బీచ్‌కి ఇంతమంది వచ్చారు" అనే లెక్కలో ఈ ముగ్గురూ కలిసిపోతారు, దానితో ఏ పని దేన్ని లాగిందో తెలియకుండా పోతుంది.

రెండో విషయం, రెండు పనుల మధ్య సంబంధం. ఒకటి చేసినందువల్ల రెండోది చేసే వీలు గానీ ఆసక్తి గానీ పెరిగితే అవి జోడీ. ఒకటి చేశాక రెండోది అక్కర్లేదనిపిస్తే, లేదా రెండోదానికి టైమ్ లేకుండా పోతే, అవి పోటీ. మూడో రకాన్ని చాలామంది మర్చిపోతారు: ఒకదానికొకటి ఏ సంబంధమూ లేకుండా కేవలం దారిలో ఉన్నందుకు, లేదా అందరూ అన్నీ చూస్తారు కాబట్టి, కలిసి కనిపించేవి. ఈ మూడోదాన్ని జోడీ అని పొరబడటం వల్లే చాలా అంచనాలు తప్పుతాయి, దాని లెక్క తర్వాత చూద్దాం.

ఊరికి రప్పించేది ఒకటి, ఊళ్లో చూసేవి పది

పర్యాటక రంగం మీద పనిచేసిన ఆస్ట్రేలియా పరిశోధకుడు నీల్ లైపర్ 1990లో ఒక విభజన చెప్పాడు, ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఆకర్షణలు మూడు మెట్లు. మొదటి మెట్టు: దానికోసమే ప్రయాణం పెట్టుకున్నది. రెండో మెట్టు: ఉందని ముందే తెలుసు, కానీ అదొక్కటే అయితే బయలుదేరేవాళ్లు కాదు. మూడో మెట్టు: వచ్చేదాకా తెలియదు, వచ్చాక తగిలింది.

దీన్ని మన ఊరికి పెట్టి చూడండి. డిసెంబరులో హైదరాబాద్ నుంచి వచ్చే కుర్రాళ్ల గుంపుకి మొదటి మెట్టు అరకు లేదా లంబసింగి. చందనోత్సవానికి వచ్చే కుటుంబానికి సింహాచలం, ఎందుకంటే ఏడాదంతా చందనం పూతలో ఉండే వరాహ లక్ష్మీనృసింహస్వామి నిజరూపం కనిపించేది అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. వేసవి సెలవుల్లో లోపలి జిల్లాల నుంచి పిల్లలతో వచ్చేవాళ్లకి సముద్రమే మొదటి మెట్టు, ఏ బీచ్ అన్నది కూడా వాళ్లకి పెద్ద పట్టింపు కాదు. కురుసుర, కైలాసగిరి, జూ పార్కు చాలామందికి రెండో మెట్టు. ఏటికొప్పాక లక్కబొమ్మల దుకాణం, మాడుగుల హల్వా, భీమిలిలో డచ్చివాళ్ల శ్మశానం మూడోది.

ఒకే చోటు ఒక్కొక్కరికి ఒక్కో మెట్టు మీద ఉంటుందన్నది ఇందులో అసలు విషయం. బౌద్ధ చరిత్ర చదివినవాడికి తొట్లకొండ మొదటి మెట్టు, రుషికొండలో స్నానం చేసి భీమిలి వైపు వెళ్తూ బోర్డు చూసి ఆగినవాడికి మూడోది. కాబట్టి "తొట్లకొండకి డిమాండ్ ఉందా" అన్న ప్రశ్నకి ఒకే జవాబు ఉండదు. మొదటి మెట్టు మీదవాళ్లు బస్సు లేకపోయినా వస్తారు. మూడో మెట్టు మీదవాళ్లని బస్సు తీసుకురాగలదు, కానీ వాళ్ల దగ్గర ఆ పూట ఖాళీ ఉంటేనే.

38 గంటల లెక్క

ఒక ఉదాహరణ వేద్దాం. ఐదుగురు కుటుంబం శనివారం ఉదయం 6 గంటలకి వైజాగ్ స్టేషన్‌లో దిగింది, ఆదివారం రాత్రి 8కి తిరుగు రైలు. మొత్తం 38 గంటలు. రాత్రి నిద్రకి 8 తీసేస్తే 30. స్నానాలు, టిఫిన్లు, భోజనాలు, రూమ్ తీసుకోవడం, సామాన్లు సర్దడం, కాస్త నడుం వాల్చడం రెండు రోజులకీ కలిపి 9 అనుకుంటే 21. ఊళ్లో ఆటోల్లో, కారులో తిరిగేది 5. నికరంగా చూడటానికి మిగిలింది 16 గంటలు, రెండు రోజుల ట్రిప్పులో.

ఇప్పుడు అరకు సంగతి. వైజాగ్ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, ఒకవైపుకి మూడున్నర గంటలు వేసుకోండి. ఆదివారం వెళ్తే రాత్రి 8 రైలు అందుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి శనివారమే వెళ్లాలి. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు ఉదయం 7 లోపే బయలుదేరిపోతుంది, 6కి దిగినవాళ్లు చంటిపిల్లలతో, సూట్‌కేసులతో ఆ రైలు పట్టుకోవడం టెన్షన్, కాబట్టి కారు. 8కి బయలుదేరి, దారిలో బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు, అరకులో మధ్యాహ్నం భోజనం, గిరిజన మ్యూజియం, తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదో పదో. శనివారం అయిపోయింది.

ఆదివారం మెలకువగా ఉండేది 14 గంటలు. తిండి, స్నానం, సామాన్లకి నాలుగున్నర, తిరుగుడుకి రెండున్నర పోతే 7 గంటలు మిగులుతాయి. పొద్దునే సింహాచలం దర్శనం రెండున్నర గంటలు, కైలాసగిరి గంటన్నర, కురుసుర, దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం కలిపి గంటన్నర, సాయంత్రం బీచ్ గంటన్నర. సరిగ్గా 7. నిమిషం ఖాళీ లేదు.

అరకు లేకపోతే? ఆ 16 గంటల్లో ఈ 7 గంటలవీ పడతాయి, ఇంకా 9 మిగులుతాయి. ఆ తొమ్మిదింటిలోకి రుషికొండ, తొట్లకొండ, భీమిలి, జూ వచ్చి కూర్చుంటాయి. అంటే ఈ కుటుంబం వరకు అరకుకి పోటీ కైలాసగిరి కాదు, ఊరికి ఉత్తరాన భీమిలి దాకా ఉన్న బీచ్ రోడ్డు మొత్తం. జాబితాల్లో ఈ పోటీ ఎప్పుడూ కనిపించదు, ఎందుకంటే జాబితాలో అరకు పక్కన లంబసింగి రాస్తారు, రుషికొండ పక్కన యారాడ రాస్తారు.

స్వీడన్ భూగోళ శాస్త్రవేత్త టార్‌స్టెన్ హాగర్‌స్ట్రాండ్ 1970లో చెప్పింది ఇదే కోవలోది. మనిషి ఒక రోజులో ఎక్కడెక్కడ ఉండగలడన్నది మూడు రకాల కట్టుబాట్ల మధ్య తేలుతుంది: శరీరానికి, వాహనానికి ఉన్న పరిమితి, ఇతరులతో కలిసి ఉండాల్సిన అవసరం, ఫలానా టైమ్‌కే తెరుస్తాం అనే నిబంధనలు. సోమవారం ఊళ్లో దిగారనుకోండి, కురుసురకి సెలవు, జూకీ సెలవు, వాటికి మీరిచ్చే మార్కులు ఎన్నైనా ఆ రోజు లెక్కలోకి రావు. లంబసింగి పొగమంచు, వంజంగి మేఘాలు తెల్లవారుజామున మాత్రమే, కాబట్టి అక్కడ రాత్రి బస చేయాలి లేదా అర్ధరాత్రి దాటాక బయలుదేరాలి, ఈ రెండూ కుదరనివాళ్లకి అవి ఎంత అందంగా ఉన్నా లేనట్టే.

ఒకే అనుభవం రెండుసార్లు ఎందుకు?

టైమ్ ఒక్కటే అన్నీ తేల్చేయదు. రెండింటికీ టైమ్ ఉన్నా మనం ఒకటి వదిలేస్తాం. ఎందుకు?

ఆర్థికవేత్త కెల్విన్ లాంకాస్టర్ 1966లో ఒక సిద్ధాంతం చెప్పాడు: జనం కొనేది వస్తువుని అనుకుంటాం గానీ, నిజంగా కోరుకునేది దానిలోని గుణాలని. దీన్ని టూరిజానికి అన్వయిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. కైలాసగిరి మీద దొరికేది ఎత్తు నుంచి సముద్రం ఒంపు చూడటం, చల్లగాలి, పిల్లలకి ఆట. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, యారాడ బీచ్‌కి దిగే మలుపుల్లో దొరికేది కూడా ఎత్తు నుంచి సముద్రమే. ఒకటి చూశాక రెండోదాని మీద ఆత్రం తగ్గుతుంది. వంజంగికి లంబసింగి కూడా అంతే, రెండూ తెల్లవారుజాము చలి, మబ్బు, టెంట్ పక్కన టీ. పేర్లు వేరు, ఇచ్చేది దాదాపు ఒకటే. వీటి మధ్య పోటీ గట్టిది.

దీనికి ఎదురు, గుణాలు వేరై, పట్టే వేళలు కూడా వేరైతే మంచి జోడీ కుదురుతుంది. సింహాచలం, ఆర్కే బీచ్ చూడండి. ఒకటి పొద్దున తలస్నానం చేసి ఖాళీ కడుపుతో వెళ్లేది, ఇంకోటి ఎండ దిగాక బద్ధకంగా కూర్చునేది. ఒకటి మొక్కు తీర్చుకున్నామన్న తృప్తినిస్తుంది, ఇంకోటి పిల్లలు అల్లరి చేసుకునే చోటు. ఒకదాన్నొకటి ఎక్కడా తాకవు. వైజాగ్‌కి ఇన్నేళ్లుగా కుటుంబాలు వస్తూనే ఉండటానికి ఈ జోడీ పెద్ద కారణమని నా నమ్మకం, గుడి ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి, సముద్రం ఉన్న ఊళ్లూ ఉన్నాయి, పొద్దునా సాయంత్రం ఇంత చక్కగా పంచుకున్నవి తక్కువ.

కురుసుర, టీయూ-142 విషయం మాత్రం లాంకాస్టర్ లెక్కకి పూర్తిగా లొంగదు. రెండూ నేవీవే, గుణాలు దగ్గర దగ్గరే, కాబట్టి పోటీ పడాలి. 1969లో నేవీలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న సబ్‌మెరైన్ 2002లో బీచ్ ఒడ్డుకి మ్యూజియంగా వచ్చింది, విమానం 2017 డిసెంబరులో సరిగ్గా దాని ఎదురుగా. ఒకదాన్ని చూసి వచ్చినవాళ్లకి రోడ్డు దాటితే రెండోది. ఇక్కడ దగ్గరితనం పోటీని మింగేసింది. అంతేకాదు, రిటైరైన నేవీవాళ్లు సబ్‌మెరైన్ లోపల ఇరుకు గదుల్లో నాలుగు మాటలు చెప్పాక, సబ్‌మెరైన్లని వేటాడే విమానం ఎదురుగానే ఉందంటే పిల్లలు ఆగరు. అప్పుడది అచ్చమైన జోడీ అవుతుంది, పక్కన ఉండటం వల్ల మాత్రమే కాదు, మొదటిది రెండోదాని మీద ఆసక్తి పుట్టించింది కాబట్టి.

కథ ఒకటే, దారి వేరు

గోస్తని నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి రిజర్వాయరు దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకే నది, రెండు కొసల్లోనూ టూరిస్టులు. కానీ బొర్రా, భీమిలి ఒకే రోజు పెట్టుకునే కుటుంబం మీకు అరుదుగా కనిపిస్తుంది. బొర్రా అరకు దారిలో శృంగవరపుకోట మీదుగా, భీమిలి సముద్రం పక్కన. నది కలిపింది, రోడ్డు విడదీసింది, టూరిస్టు రోడ్డు మాటే వింటాడు.

బౌద్ధ క్షేత్రాలదీ ఇదే పరిస్థితి. తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ భీమిలి వైపు, బొజ్జన్నకొండ అనకాపల్లి పక్కన శంకరం దగ్గర. కాగితం మీద చక్కటి బౌద్ధ యాత్ర. నేల మీద బొజ్జన్నకొండ ఊరికి ఒకవైపు, తక్కినవి మరోవైపు. ప్రత్యేకంగా ఆ ఆసక్తితో వచ్చేవాళ్లు నాలుగూ చూస్తారు, వాళ్లకి ఇది అద్భుతమైన రెండు రోజులు. మామూలు టూరిస్టు మాత్రం తొట్లకొండని రుషికొండతో, భీమిలితో కలుపుతాడు, అవి దారిలో ఉన్నాయి కాబట్టి.

అయితే దారి ఎప్పుడూ కథకి అడ్డమే అనుకోకండి. అన్నవరం, సింహాచలం, అరసవల్లి, శ్రీకూర్మం చూడండి, నాలుగూ తీరం వెంట హైవే, రైలు మార్గం వెళ్లే వైపునే వరసగా ఉన్నాయి, కథా దారీ ఒకటయ్యాయి కాబట్టి ఎవరూ ప్రచారం చేయకపోయినా ఆ యాత్ర తరాలుగా నడుస్తోంది. అరకుకి రైలులో వెళ్లి రోడ్డు మీద తిరిగి వచ్చే ప్యాకేజీని ఏపీ టూరిజం నడపడం వెనకా ఇదే తెలివి ఉంది. ఇనుప ఖనిజం మోయడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ లైనులో సొరంగాలు, లోయలు వెళ్లేటప్పుడు, ఘాట్ రోడ్డు, కాఫీ తోటలు, బొర్రా వచ్చేటప్పుడు. అదే కొండని రెండు రకాలుగా చూపించి పోటీని జోడీగా మార్చారు.

నలుగురు ఉన్నచోట అందరికీ నచ్చినది గెలవదు

ఇప్పటిదాకా టూరిస్టు ఒక్కడన్నట్టు మాట్లాడాం. వైజాగ్ వచ్చేవాళ్లలో ఒంటరిగా వచ్చేవాళ్లు తక్కువ. ఇంటి పెద్దాయన, అమ్మానాన్నలు, ఇంటర్ చదివే అబ్బాయి, ఆరేళ్ల పాప ఉన్నారనుకోండి. అబ్బాయికి రుషికొండలో బోటింగ్, నీళ్లలో ఆటలు కావాలి. పెద్దాయనకి ఇసుకలో నడవడం కష్టం. నాన్నకి కురుసుర చూడాలని, కానీ పెద్దాయన ఆ గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరలేరు. అమ్మకి బొర్రా అంటే ఇష్టం, అన్ని మెట్లు పాపని ఎత్తుకుని దిగాలంటే నాన్న వద్దంటాడు. జూ ఎవరికీ మొదటి కోరిక కాదు, కానీ ఎవరూ వద్దనరు. జూకి వెళ్తారు.

కుటుంబాల్లో "కావాలి" కన్నా "వద్దు"కి బరువెక్కువ. ఒక్కరు గట్టిగా వద్దంటే ఆ చోటు పోయినట్టే, ముగ్గురు గట్టిగా కావాలన్నా. మొదటి ఇష్టం ఎవరిదీ కాని చోట్లు ఎందుకు కిటకిటలాడతాయో, అద్భుతమని అందరూ చెప్పే చోట్లు ఎందుకు ఖాళీగా ఉంటాయో దీనితో చాలావరకు అర్థమవుతుంది. కైలాసగిరికి రోప్‌వే, పైదాకా రోడ్డు, కూర్చునే చోటు, ఆటలు అన్నీ ఉన్నాయి కాబట్టి వద్దనే కారణం ఎవరికీ దొరకదు.

ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1956లో రాసినది ఇక్కడ గుర్తొస్తుంది: మనుషులు అన్నింటిలోకి మేలైనది దొరికేదాకా వెతకరు, చాలు అనిపించేది దొరకగానే ఆగుతారు. అలసిపోయిన ఐదుగురు, బయట వెయిటింగ్‌లో కారు, 4 గంటల ఎండ. ఆ క్షణంలో డ్రైవర్ "సార్, దారిలోనే ఉంది, అరగంటలో చూసేయొచ్చు" అన్నది చాలు అనిపిస్తుంది. ఎన్నో కుటుంబాల సాయంత్రాన్ని తేల్చేది ఆ డ్రైవర్ మాటే, ఏ సర్వేలోనూ ఆ మాట నమోదు కాదు.

ఇష్టం ముందా, వీలు ముందా?

పరిశోధకుల్లో ఇది పాత తగాదా. ఒక పక్షం ఇష్టమే మూలం అంటుంది. జాన్ క్రాంప్టన్ 1979లో జనం విహారానికి వెళ్లే ప్రేరణలు తొమ్మిది గుర్తించాడు. అందులో ఏడు మనసుకి, బంధాలకి సంబంధించినవి: రొటీన్ నుంచి తప్పించుకోవడం, సేదతీరడం, కుటుంబ బంధం గట్టిపడటం, నలుగురిలో గొప్ప, ఇలాంటివి. కొత్తదనం, తెలుసుకోవడం మాత్రమే చోటుతో ముడిపడినవి. ఈ పక్షం ప్రకారం, అందరం కలిసి కూర్చోవడానికి వచ్చిన కుటుంబం టైమ్ ఎంత ఇచ్చినా మ్యూజియం వైపు చూడదు, ఇంకో రోజు దొరికితే ఇంకోసారి బీచ్‌కే పోతుంది. ఇది మన కళ్ల ముందు జరిగేదే, కొట్టిపారేయలేం.

రెండో పక్షం హాగర్‌స్ట్రాండ్ దారిలోది. టైమ్, దూరం, డబ్బు, తోడున్నవాళ్లు, ఇవి గీసిన గీతలోపలే ఇష్టం తిరుగుతుంది అంటారు. ఒకే ఆసక్తి ఉన్న ఇద్దరిలో ఒకరు సోమవారం, ఒకరు శనివారం వస్తే వాళ్ల రోజులు పూర్తిగా వేరుగా ఉంటాయి, ఇష్టం అక్కడేం తేడా చూపించలేదు కదా అని వాళ్ల వాదన. మూడో పక్షం కూడా ఉంది: ఇష్టమూ వీలూ రెండింటికన్నా ముందు "తెలియడం" ఉంది, రీల్‌లో కనిపించనిది, బంధువు చెప్పనిది ఎంపికలోకే రాదు అంటారు. ఫోన్లలో వీడియోలు చుట్టూ తిరగక ముందు వంజంగి పేరు ఎంతమందికి తెలుసు అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే.

నా దృష్టిలో ఈ మూడూ వేర్వేరు వేళల్లో పనిచేస్తాయి. ఇంట్లో కూర్చుని ఎక్కడికి వెళ్దామని అనుకునేటప్పుడు ఇష్టానిదీ తెలియడానిదీ పైచేయి. ఊళ్లో దిగాక వీలుదే రాజ్యం. అందుకే ట్రిప్పుకి ముందు అడిగిన సర్వేలో ఒక జవాబు, తిరుగు రైలు ఎక్కుతున్నప్పుడు అడిగిన సర్వేలో ఇంకో జవాబు వస్తాయి, రెండూ నిజమే.

100 మంది లెక్కలో దాక్కునే సంగతి

ఇప్పుడు ముందే చెప్పిన చిక్కు. రెండు చోట్లకీ వెళ్లినవాళ్ల సంఖ్య చూసి అవి జోడీయో పోటీయో చెప్పొచ్చా? ఊహించిన అంకెలతో చూద్దాం. 100 మంది టూరిస్టులు, 40 మంది అరకు వెళ్లారు, 64 మంది కైలాసగిరి, రెండూ చూసినవాళ్లు 25. ఏ సంబంధమూ లేకపోతే ఎంతమంది కలవాలి? 100లో 64 మంది కైలాసగిరి చూస్తున్నప్పుడు, అరకు వెళ్లిన 40 మందిలో కూడా 64 శాతం, అంటే దాదాపు 26 మంది చూడాలి. వచ్చింది 25. కాబట్టి రెండింటికీ సంబంధం లేదు, ఒకటి పెరిగినా తగ్గినా రెండోదానికి ఏమీ కాదు. రిపోర్టు ఇక్కడితో ముగిసిపోతుంది.

ఇప్పుడు అదే 100 మందిని రోజుల ప్రకారం విడదీయండి. ఒక్కరోజుకి వచ్చినవాళ్లు 60: అరకుకి 10, కైలాసగిరికి 34, రెండూ చూసింది ఒక్కరు. సంబంధం లేకపోతే ఆరుగురిదాకా ఉండాలి, ఒక్కరే ఉన్నారంటే గట్టి పోటీ. మూడు రోజులు ఉన్నవాళ్లు 40: అరకుకి 30, కైలాసగిరికి 30, రెండూ చూసినవాళ్లు 24. ఉండాల్సింది 22 లేదా 23, కాబట్టి పోటీ జాడే లేదు, కాస్త జోడీ వైపే మొగ్గు. కలిపితే పోటీ, జోడీ ఒకదాన్నొకటి చెరిపేసుకుని "సంబంధం లేదు" అన్న తప్పు జవాబు వచ్చింది. అరకుకి ఇంకో రైలు పెట్టాలా వద్దా అని ఆ జవాబు చూసి తేల్చితే, ఒక్కరోజు టూరిస్టుల మీద ఆధారపడ్డ కైలాసగిరి మీది చిన్న వ్యాపారులకి ఏమవుతుందో ఎవరూ ముందుగా చూడలేరు.

దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. పగలు అరకులో తిరిగి రాత్రి వైజాగ్ హోటల్‌లో పడుకునేవాళ్లు జిల్లావారీ లెక్కల్లో ముక్కలవుతారు, వాళ్ల రోజు మాత్రం ఒకటే.

కొత్తది వస్తే పాతదానికి ఏమవుతుంది?

మొదట వేసుకున్న ప్రశ్న దగ్గరికి ఇప్పుడు వెళ్లొచ్చు. మన కుటుంబానికి చూడటానికి ఉన్నది 16 గంటలు. 3 గంటలు పట్టే కొత్త ఆకర్షణ వచ్చిందంటే, ఎక్కడో 3 గంటలు ఖాళీ కావాలి. ఖాళీ అయ్యేది అన్నింటికన్నా చెత్తదని అనుకుంటాం, కానీ ఖాళీ అయ్యేది అదే పూటలో, అదే వైపున, అదే గుణం ఇచ్చేది. సాయంత్రం ఎత్తు నుంచి సముద్రం చూపించేది ఇంకోటి కడితే దెబ్బ కైలాసగిరికి పడుతుంది, జూకి పడదు.

లెక్క మారేది ఒకే ఒక్కచోట, ఆ కుటుంబం ఇంకో రాత్రి ఆగినప్పుడు. ఒక రాత్రి పెరిగితే మెలకువగా ఉండే గంటలు ఇంకో పదహారు దాకా వస్తాయి, మూడు గంటల కొత్త ఆకర్షణ వాటిలో కొంతే వాడుకుంటుంది, మిగతావి పాత చోట్లకి పోతాయి. అప్పుడు అందరికీ లాభం. కాబట్టి టికెట్లు ఎన్ని తెగాయి అన్నదానికన్నా హోటల్ రాత్రులు పెరిగాయా అన్నది ఎక్కువ చెబుతుంది. రాత్రి ఆపగలిగేవి ఎక్కువగా తెల్లవారుజాముకో, చీకటి పడ్డాకో జరిగేవి. నేవీ బీచ్‌లో సాయంత్రం చేసే విన్యాసాలు, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ, ఇవి మనిషిని రాత్రి ఊళ్లో ఉంచుతాయి. మధ్యాహ్నం మూడింటికి చూసే మ్యూజియం ఎంత గొప్పదైనా ఆ పని చేయలేదు.

డబుల్ డెక్కర్ బస్సు ఈ లెక్కలో ఎక్కడ పడుతుంది? అది కొత్త ఆకర్షణ కన్నా ఎక్కువగా దారిని మార్చే పని చేస్తుంది. ఆటోకి విడివిడిగా బేరమాడినప్పుడు రుషికొండ నుంచి తొట్లకొండకి వెళ్లాలంటే అదనపు ఖర్చు కళ్లకి కనిపిస్తుంది. రోజంతటికీ ఒకే టికెట్ అయితే ఇంకో స్టాప్ ఖర్చు సున్నా, పైగా డబ్బులు కట్టాం కదా వాడుకుందాం అనిపిస్తుంది. మూడో మెట్టు చోట్లకి ఇది మేలు. అరకు పెట్టుకున్న రోజు ఈ బస్సు ఎక్కే కుటుంబం మాత్రం ఉండదు, పెట్టుకోనివాళ్లే దీని ప్రయాణికులు.

భోగాపురం విమానాశ్రయం తెచ్చే మార్పు ఇంకా లోతైనది, ఎందుకంటే అది దిగే చోటునే మారుస్తుంది. ఇన్నాళ్లూ విమానం దిగినవాళ్లు ఎన్ఏడీ జంక్షన్ వైపు నుంచి ఊళ్లోకి వచ్చేవాళ్లు, సింహాచలం దగ్గర్లో, భీమిలి దూరంగా ఎక్కడో చివర. భోగాపురంలో దిగినవాళ్లకి ఊరు రాకముందే భీమిలి పక్కన తగులుతుంది, ఆ తర్వాత తొట్లకొండ, రుషికొండ. చివర ఉన్నది మొదలవుతుంది. తిరుగు ప్రయాణం రోజున మధ్యాహ్నం విమానం ఉంటే రూమ్ ఖాళీ చేసి, సామాన్లు కారులో వేసుకుని, దారిలో చూసుకుంటూ వెళ్లే పూట ఒకటి కొత్తగా పుడుతుంది. ఆ పూటలో ఇన్నాళ్లూ ఎన్ఏడీ వైపు చివరి దర్శనంగా ఉన్నది సింహాచలం. సింహాచలం, భీమిలిలో ఏది ఉంటుందన్నది ఇందాకటి వాటి మీదే ఆధారపడుతుంది: మొక్కు ఉన్నవాళ్లకి సింహాచలం మొదటి మెట్టు, వాళ్లు దాన్ని ముందు రోజు పొద్దునకి జరుపుకుంటారు తప్ప మానరు. విమానానికి ముందు కాస్త టైమ్ ఉందని గుడికి వెళ్లేవాళ్లు మాత్రం ఇక భీమిలి బీచ్‌లో దిగుతారు.